నాలుగో కాపీ

వరదరాజులుకి చిన్నప్పుడు ఉగ్గుపాలతో పాటు అనుమానం కూడా రంగరించి పోశారని కాలేజీలో అందరూ అనుకునేవాళ్లు. కొట్లో పంచదార కొంటే ఇంటికొచ్చి మళ్లీ తూచేవాడు. ల్యాబులో సిల్వర్ నైట్రేట్ సీసా ఉన్న బీరువాకి తాళం వేసి, తాళంచెవి మొలతాడుకి కట్టుకునేవాడు. అటెండరు దగ్గితే ఆ దగ్గు ఎవరికి సైగ అని ఆలోచించేవాడు. అంతటి మనిషికి, పంతొమ్మిది వందల డెబ్బై తొమ్మిది ఆగస్టులో, మదనపల్లె బస్టాండు పక్కనున్న జబ్బార్ టైపు ఇన్‌స్టిట్యూట్ చెత్తబుట్టలో మూడు కార్బన్ కాగితాలు దొరికాయి.

పెద్దమనిషి, కెమిస్ట్రీ లెక్చరర్, చెత్తబుట్టలో చెయ్యెందుకు పెట్టాడని అడక్కండి. ఆయన పెడతాడు, అంతే. ఒక్కో కార్బన్నూ కిటికీ వెలుతురుకి ఎత్తి చూశాడు. మూడింటి మీదా ఒకటే వాక్యం, ఆయన రాసిన వాక్యమే, చీకట్లో చీమలబారులా కనిపించింది. మూడు కార్బన్లంటే నాలుగు కాపీలు. ఆయన చేతికి వచ్చినవి మూడు. నాలుగోది ఎక్కడ?

ఆ కాగితాల్లో ఉన్నది ఆయన నాలుగేళ్ల కష్టం. సదుం దగ్గరి పల్లెలో ఐదు ఇళ్లలో పుంగనూరు పొట్టి ఆవులున్నాయి. వాటి పాలల్లో ఉప్పు, అంటే క్లోరైడు, ఎంతుందో ఆయన కొలుస్తూ వచ్చాడు. పొద్దుటి పాలల్లో అన్ని ఆవుల పాలల్లో ఉన్నంతే ఉంది. సాయంత్రం పాలల్లో నూటికి నలభై పాళ్లు ఎక్కువ! ఒక్క పూటలో పాల గుణం అంతగా మారుతుందని లోకంలో ఎవరూ చెప్పలేదు. బెంగుళూరు నుంచి వచ్చే పాడి పరిశోధన పత్రిక వాళ్లు ఈ నెలాఖరులోగా వ్యాసం పంపమన్నారు. వరదరాజులుకి నలభై ఆరేళ్లు. చచ్చేలోగా తన పేరు ఒక్కసారి అచ్చులో చూసుకోవాలని ఆయన కోరిక. ఇంకే కోరికా లేదని భార్య గౌరమ్మే చెప్పేది, కొంచెం నిష్ఠూరంగా.

లెక్కల్లో తప్పు దొర్లకుండా ఆయన పడని పాట్లు లేవు. పొద్దుటి పాలు తనే దగ్గరుండి, పొదుగు కింద సీసా పట్టి తెచ్చుకునేవాడు. సాయంత్రం మాత్రం కుదిరేది కాదు, సదుం నుంచి ఆఖరి బస్సు ఐదున్నరకే పోతుంది. అందుకని మునెమ్మ అనే రైతుగృహిణి ఇంట్లో సీసాలు పెట్టి వచ్చేవాడు. ఐదిళ్ల వాళ్లూ సాయంత్రం పితికిన పాలు ఆమె ఇంటికి తెచ్చి సీసాల్లో పోస్తే, ఆయన మర్నాడు వెళ్లి తెచ్చుకునేవాడు. ఊరికే నమ్మే మనిషా? ఐదుగురు ఆడవాళ్లనీ నిలబెట్టి, కర్పూరం వెలిగించి, పాలల్లో నీళ్లు కలపడం లేదని ఒట్టేయించుకున్నాడు. లాక్టోమీటరు ముంచి మళ్లీ సరిచూసుకున్నాడు. ఒక్క చుక్క నీళ్లు లేవు. ఆ సంగతి వ్యాసంలో ఒక పేరా రాశాడు కూడా.

అలాంటి వ్యాసానికి నాలుగో కాపీ ఎవరి కోసం? ఆయనకి వెంటనే జవాబు తోచింది. కుప్పంలో చెంగల్రాయుడు లేడూ!

చెంగల్రాయుడు ఆయనతో పాటు చదువుకున్నవాడు, ఇప్పుడు కుప్పంలో జూనియర్ కాలేజీలో అదే కెమిస్ట్రీ చెప్తున్నాడు. పోయిన వారమే ఒక కార్డు రాశాడు. 'ఏమప్పా, పాల పేపరు అయిపోవచ్చిందంట గదా, నాకొక కాపీ పంపించు' అని. ఎవరు చెప్పారు వాడికి? అదీగాక, టైపు జబ్బార్ ప్రతి ఆదివారం పొద్దున్నే టిఫిన్ క్యారియర్ పట్టుకుని కుప్పం బస్సెక్కుతున్నాడు. బస్టాండులో వరదరాజులు కళ్లారా చూశాడు. రెండూ రెండూ కలిపితే నాలుగు, ఆ నాలుగే నాలుగో కాపీ.

అబ్దుల్ జబ్బార్‌కి యాభై ఐదు దాటాయి. పల్చటి తెల్లగడ్డం, వేళ్ల చివర్ల రిబ్బను నలుపు. కీబోర్డు వైపు చూడకుండా, కిటికీలోంచి బస్సుల్ని చూస్తూ కొట్టేవాడు. ఒక్క అక్షరం తప్పు పోయేది కాదు. పద్దెనిమిదేళ్లుగా కాలేజీ పరీక్షల ప్రశ్నపత్రాలన్నీ ఆయనే కొట్టాడు. ప్రిన్సిపాల్ గదిలో, లోపల గడియ పెట్టుకుని. ఊళ్లో ఏ పిల్లకాయ తండ్రి ఎంత బతిమాలినా ఒక్క ప్రశ్న ఆయన నోట్లోంచి జారలేదు. ఆ గదిలోకి తనని పిలుస్తారన్నదే ఆయనకి ఉన్న పెద్ద గౌరవం.

కానీ ఈ మధ్య ఆయన చేష్టలు వరదరాజులుకి నచ్చడం లేదు. టైపు కొట్టేవాడికి అంకెలతో ఏం పని? రెండు వారాల క్రితం, "సార్, ఈ మూడో టేబుల్లో సాయంత్రం లెక్కలు ఎచ్చుగా ఉండాయే" అన్నాడు.

"నీ పని అక్షరాలు కొట్టడం. లెక్కలు నేను చూసుకుంటా" అని వరదరాజులు కసిరాడు.

నాలుగు రోజులాగి మళ్లీ, "సార్, సదుం పాలు గదా, నాకొక అనుమానం ఉండాది..." అన్నాడు.

"అనుమానం పడటానికి నేనున్నాను" అన్నాడు వరదరాజులు. అది మాత్రం నిజం.

కార్బన్లు దొరికిన మర్నాడు శుక్రవారం. జబ్బార్ మధ్యాహ్నం నమాజుకి వెళ్లిన సమయం చూసి వరదరాజులు ఇన్‌స్టిట్యూట్‌లోకి దూరాడు. మెషిన్ వెనక గోడవారగా ఒక టేకు పెట్టె ఉంది. తాళం లేదు. తాళం లేకపోవడం కూడా ఆయనకి అనుమానంగానే తోచింది. మూత ఎత్తితే కట్టలు కట్టలుగా టైపు కాగితాలు, అన్నిటికంటే పైన తన వ్యాసం. నాలుగో కాపీ కాబట్టి అక్షరాలు మసగ్గా ఉన్నాయి. పన్నెండో పేజీ, మూడో టేబుల్. పక్కన మార్జిన్లో పెన్సిలుతో, కుడి నుంచి ఎడమకి, ఉర్దూలో ఐదారు వరుసలు రాసి ఉన్నాయి.

వరదరాజులుకి ఉర్దూ ఒక్క ముక్క రాదు. కానీ సాయంత్రం లెక్కల పక్కనే రాసి ఉందంటే అది దొంగరాత కాకపోతే ఇంకేమిటి? కుప్పానికి ఏ ఏ అంకెలు చేరవేయాలో గుర్తులు పెట్టుకున్నాడు! ఆ ఒక్క పేజీ లాగి, మడిచి జేబులో పెట్టుకుని, దొంగని పట్టుకున్న ఉత్సాహంతో బయటపడ్డాడు. తను చేసింది దొంగతనమేనని ఆయనకి ఎంత మాత్రం తట్టలేదు.

ఆ సాయంత్రమే ప్రిన్సిపాల్ వెంకటరమణప్ప గదిలో కూర్చుని గొంతు తగ్గించి చెప్పాడు. "జబ్బార్ మనం ఇచ్చిన ప్రతి కాగితానికీ ఒక కాపీ ఎక్కువ తీసి దాచుకుంటున్నాడు సార్. నా కళ్లతో చూశాను. మరి మన ప్రశ్నపత్రాలు?"

ప్రిన్సిపాల్ భయస్తుడు. పరీక్షలు ఇంకో పది రోజులే. "అమ్మో" అన్నాడు. అంతకంటే ఏమీ అడగలేదు.

శనివారం పొద్దున్నే వరదరాజులు వ్యాసాన్ని రిజిస్టరు పోస్టులో బెంగుళూరు పంపేశాడు. చెంగల్రాయుడు కంటే ముందు తనదే చేరాలి. రసీదు జేబులో పెట్టుకుని పోస్టాఫీసు మెట్లు దిగుతుంటే, కాలేజీ వైపు నుంచి జబ్బార్ నడిచి వస్తున్నాడు. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ప్రశ్నపత్రాల స్టెన్సిల్ పని ఇంక వద్దన్నారు సార్" అన్నాడు జబ్బార్. "యాల అంటే చెప్పలేదు. పద్దెనిమిదేండ్లు కొట్టినా."

వరదరాజులు ఏమీ ఎరగనట్టు అటు చూశాడు.

"సరే, అది పోనీండి. మీ పేపర్ పంపిస్తాండారా? ఒక్క మాట సార్, ఆ మూడో టేబులు..."

"పంపించేశాను" అన్నాడు వరదరాజులు, ఒక్కో అక్షరం వత్తి పలుకుతూ.

"పంపించేస్తిరా..." అని జబ్బార్ అక్కడే నిలబడిపోయాడు. ఆ మొహం చూసి వరదరాజులు లోలోపల మురిసిపోయాడు. వీడి ఎత్తు పారలేదు, అందుకే ఈ దిగులు అనుకున్నాడు.

అంతటితో ఊరుకుంటే ఆయన వరదరాజులు ఎందుకవుతాడు? ఆదివారం తెల్లవారుజామున కుప్పం బస్సులో వెనక సీట్లో, పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. ముందు సీట్లో జబ్బార్, ఒళ్లో టిఫిన్ క్యారియర్. పుంగనూరు దాటింది, పలమనేరు దాటింది. నాలుగు గంటల పైచిలుకు ఆయన పేపరు దించలేదు. చూసినవాళ్లు ఎంత చదువరి అనుకుని ఉంటారు.

కుప్పంలో దిగి జబ్బార్ మెయిన్ రోడ్డు వదిలి ఒక సందులోకి మళ్లాడు. వరదరాజులు ఒక ఎద్దులబండి చాటున నిలబడ్డాడు. జబ్బార్ ఒక పెంకుటింటి తలుపు తట్టాడు. నిండు నెలల కడుపుతో ఒక అమ్మాయి తలుపు తీసి, "అబ్బాజాన్!" అంటూ క్యారియర్ అందుకుంది. జబ్బార్ ఆమె తల మీద చెయ్యి వేసి, "ఎట్లుండావు మున్నీ?" అన్నాడు. తలుపు మూసుకుంది. అంతే. చెంగల్రాయుడు లేడు, కాగితాలు లేవు. కూతురికి ఇంటి కూర తెచ్చిన తండ్రి, అంతే.

అయినా వరదరాజులు అనుమానం చావలేదు. నేరుగా చెంగల్రాయుడి ఇంటికి పోయి, మంచినీళ్లు కూడా తాగకుండా, "నా పేపరు సంగతి నీకెవరు చెప్పారు? టైపు జబ్బారేనా?" అని అడిగేశాడు.

చెంగల్రాయుడు తెల్లబోయాడు. "జబ్బార్ ఎవరప్పా? నువ్వే గదా రాస్తివి!" గూట్లో వెతికి ఒక ఇన్‌లాండు కవరు తీసి ఇచ్చాడు. ఏప్రిల్ నెల ముద్ర. 'పాల వ్యాసం ఆగస్టుకి పూర్తవుతుంది. నీకొక కాపీ పంపుతాను.' కోడి గీకినట్టుండే ఆ రాత వరదరాజులుదే. ఆయన రాసి మర్చిపోయాడు. తన చేతిరాతని కూడా అనుమానించడానికి వీల్లేక, "ఎండగా ఉంది" అని ఏదో గొణిగి బయటికొచ్చాడు.

తిరుగు బస్సులో జేబులోని కాగితం బరువుగా తోచింది. చెంగల్రాయుడు కాకపోతే మరి ఈ దొంగరాత ఎవరి కోసం? మదనపల్లెలో ఎవరితోనైనా చదివిద్దామంటే ఊరంతా పాకుతుంది. పుంగనూరులో తననెవరూ ఎరగరు. అక్కడ దిగి, బజారులో ఒక మిషన్ కుట్టే దుకాణం మెట్లెక్కాడు. టైలరు పేరు హనీఫ్ అని బోర్డు మీద ఉంది. "ఇదేదో ఉర్దూ, కాస్త చదివి పెడతావా?" అన్నాడు.

హనీఫ్ కళ్లజోడు సర్దుకుని కాగితాన్ని వెలుతురుకి పట్టుకున్నాడు. తెలుగులోకి మారుస్తూ నెమ్మదిగా చదివాడు.

"'ఇది ఉప్పు లెక్క. సదుం పక్క దీపాలు పెట్టినాక పాలు గడప దాటితే ఒక ఉప్పుకల్లు వేస్తారు. ఆ పక్క ఉండే అత్త గుల్జార్ బీని అడిగినా, ఔననింది. సార్‌కు చెప్పాల.' దీని కింద తారీకులు ఉండాయి సార్. 'పదో తారీకు చెప్పబోయినా, కసిరినారు. పద్నాలుగు, కసిరినారు. పేపర్ పోయేలోగా ఎట్లైనా చెప్పాల.'"

చదివి హనీఫ్ నవ్వాడు. "నిజమే సార్. మా ఇంట్లో పండగ పాయసానికి సదుం పాలు సాయంత్రం తేవద్దంటారు. ఎవరీయప్ప, బలే గమనించినాడే!"

వరదరాజులుకి నవ్వు రాలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, ఇంటికి పోయే బస్సు వదిలేసి, సదుం బస్సెక్కాడు.

మునెమ్మ పల్లెకి నాలుగేళ్లుగా వెళ్తున్నాడు గానీ, సాయంత్రం అక్కడ ఉండటం అదే మొదటిసారి. ఐదున్నర బస్సు వెళ్లిపోయింది. మునెమ్మ ఇంటి అరుగు మీద కూర్చున్నాడు. చీకటి పడేవేళకి మునెమ్మ గూట్లో దీపం పెట్టింది. పక్కింటి పాప చెంబు పట్టుకుని పాలకొచ్చింది. మునెమ్మ పాలు పోసి, మూలనున్న కుండలో చెయ్యి పెట్టి, ఒక ఉప్పుకల్లు తీసి చెంబులో వేసింది. తల కూడా తిప్పలేదు, ఊపిరి తీసినంత సులువుగా వేసింది.

"మునెమ్మా" అన్నాడు వరదరాజులు. "నా సీసాల్లో కూడా వేసేదానివా?"

"వేయకుంటే ఎట్లప్పా?" అంది మునెమ్మ. "దీపం పెట్టినాక పాలు వట్టివి పంపిస్తే దిష్టి తగిలి పొదుగు ఎండిపోదా? ఐదిండ్లోళ్లమూ సీసాకొక కల్లు వేసినాం. నాలుగేండ్లలో ఒక్క పొద్దూ మర్చిపోలా."

"నాతో ఒక్కసారి చెప్పలేదే!"

"నువ్వు నీళ్లు కలిపినారా అనే అడిగితివి. కర్పూరం మీద ఒట్టు కూడా వేస్తిమి. ఉప్పు సంగతి యాడ అడిగితివి?" అని ఆమె ఆయన మొహంలోకి చూసింది. "యాలప్పా, ఏమన్నా చెడిపాయనా?"

చెడిపోయింది. నాలుగేళ్ల పని, లోకంలో ఎవరూ కనిపెట్టనిది, మునెమ్మ కుండలోని ఉప్పు. దొంగల్ని వెతకడంలో మునిగి, కళ్లెదుట ఉన్న మంచివాళ్లు ఏం చేస్తున్నారో ఆయన చూడనే లేదు. అరుగు మీద మునెమ్మ పెట్టిన సంగటి ముందు పెట్టుకుని చాలాసేపు ఊరికే కూర్చున్నాడు. వ్యాసం పోయినందుకు ఏడుపొచ్చింది. ఆ ఏడుపులోనే పోస్టాఫీసు మెట్ల దగ్గర జబ్బార్ మొహం కనిపించింది. అప్పుడు సిగ్గేసింది.

సోమవారం మధ్యాహ్నం ఇన్‌స్టిట్యూట్ ఖాళీగా ఉంది. ఎప్పుడూ టకటకలాడే ఆరు మెషిన్లకీ గుడ్డలు కప్పి ఉన్నాయి. జబ్బార్‌ని కాలేజీ వాళ్లే వద్దన్నారంటే ఏదో ఉంటుందని తల్లిదండ్రులు పిల్లల్ని టైపు మాన్పించేశారు. ఊళ్లో అనుమానం ఎంత తొందరగా అంటుకుంటుందో వరదరాజులుకి ఎవరూ చెప్పక్కర్లేదు.

జబ్బార్ లేచి నిలబడ్డాడు. "రండి సార్."

వరదరాజులు జేబులోంచి కాగితం తీసి మెషిన్ పక్కన పెట్టాడు. "ఇది నీ పెట్టెలోంచి నేను దొంగిలించాను."

"తెలుసు సార్. పన్నెండో పేజీ లేదు. ఆ పొద్దు మీరు రావడం ఎదురింటోళ్లు చూసినారు."

"మరి అడగలేదేం?"

"అడిగితే మిమ్మల్ని అనుమానించినట్టు గదా" అన్నాడు జబ్బార్.

వరదరాజులు, "నాలుగో కాపీ ఎందుకు తీస్తావు?" అన్నాడు. ఈసారి తెలుసుకోవాలనే అడిగాడు.

"ఎనిమిదేండ్ల కిందట మునిరాజు అనే ఆయప్ప థీసిస్ కొట్టినా. మూడు కాపీలూ ఒకే సంచీలో పెట్టుకొని బస్సులో పోగొట్టుకున్నాడు. వచ్చి ఈ బల్ల మీద తల పెట్టి ఏడ్చినాడు. అప్పటినుంచి ఒకటి ఎక్కువ తీసి పెట్టుకుంటా. ఎవురికీ చెప్పలేదు. చెప్తే ఇంకా అజాగ్రత్తగా ఉంటారని."

"ప్రశ్నపత్రాలకి కూడా తీస్తావని ప్రిన్సిపాల్‌తో నేనే చెప్పాను."

జబ్బార్ తలెత్తి చూశాడు. అది ఆయనకి తెలియదు. "స్టెన్సిల్‌కు కార్బన్ యాడుంటుంది సార్?" అన్నాడు. "ఒక్క మైనం కాగితమే గదా మెషిన్లోకి పోయేది. రెండో కాపీ తీయాలన్నా రాదు. కెమిస్ట్రీ అయివారు మీకు తెలియకపోవచ్చు, ప్రిన్సిపాల్ సార్‌కైనా తట్టలేదే."

ఆ మాటలో కోపం లేదు, అందుకే వరదరాజులు తట్టుకోలేకపోయాడు. రుమాలుతో కళ్లు తుడుచుకుని, బెంగుళూరు పత్రికకి ఉత్తరం చెప్పాడు. సాయంత్రం లెక్కలు చెల్లవనీ, వ్యాసం వెనక్కి తీసుకుంటున్నాననీ, పొరపాటు కనిపెట్టినది మదనపల్లె అబ్దుల్ జబ్బార్ అనీ. జబ్బార్ కిటికీలోంచి బస్సుల్ని చూస్తూ టకటకా కొట్టేశాడు, తన పేరు దగ్గర ఒక్క క్షణం ఆగి.

"ఇంకొకటి ఉంది" అన్నాడు వరదరాజులు. "ప్రిన్సిపాల్ గారికి. అబ్దుల్ జబ్బార్ మీద నేను చెప్పినది అబద్ధం..."

జబ్బార్ చేతులు కీబోర్డు మీంచి తీసేశాడు. "ఇది నేను కొట్టకూడదు సార్."

"ఎందుకు?"

"నా మెషిన్ అక్షరాలు ఊరందరికీ తెలుసు. నేను కొడితే, నేనే కొట్టుకొని మీతో సంతకం పెట్టించుకున్నానంటారు. మీ చేత్తో రాయాల."

నిజమే. అందరికంటే ముందు వరదరాజులే అని ఉండేవాడు ఆ మాట. ఆయన పిల్లలు కూర్చునే బెంచీ మీద కూర్చుని, జేబులోంచి ఇంకు పెన్ను తీశాడు. జబ్బార్ వచ్చి రెండు తెల్లకాగితాలు ఆయన ముందు పెట్టాడు. వాటి మధ్య కొత్త కార్బన్ ఒకటి జాగ్రత్తగా, అంచులు కలిసేలా సర్దాడు. ఆయన చేతిలో ఇంకు పెన్ను తీసేసి బాల్‌పెన్ను పెట్టాడు.

"ఇంకు పెన్ను అయితే కిందికి దిగదు సార్. గట్టిగా నొక్కి రాయండి" అన్నాడు జబ్బార్. "ఒక కాపీ నా దగ్గర ఉండాల."

వరదరాజులు గట్టిగా నొక్కి రాయడం మొదలుపెట్టాడు.